గెలిచినా ఏమీ దక్కని క్విజ్‌లు: బ్రిటిష్ హాస్య ప్యానెల్ షోలను ఇంత ఇష్టంగా ఎందుకు చూస్తాం?

కృష్ణాతీరం:
బ్రిటన్ నుంచి మన దేశానికి వచ్చిన క్విజ్ కార్యక్రమాలన్నీ గెలుపు చుట్టూ తిరిగేవే. అక్కడ 1998లో మొదలైన ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’ 2000 కల్లా హిందీలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ అయింది. 2014లో నాగార్జున నిర్వహణలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ పేరుతో మన ఇళ్లకూ చేరింది. సిద్ధార్థ బసు నడిపిన ‘మాస్టర్‌మైండ్ ఇండియా’కు మూలం కూడా బీబీసీ కార్యక్రమమే. అదే దేశంలో దశాబ్దాలుగా నడుస్తున్న ఇంకో రకం క్విజ్ మాత్రం మన దాకా రాలేదు.

నేను చెబుతున్నది ‘హ్యావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ’, ‘క్యూఐ’, ‘వుడ్ ఐ లై టు యూ?’ వంటి వాటి గురించి. ఒక బల్ల, దాని వెనక నలుగురైదుగురు హాస్య కళాకారులు, మధ్యలో అధ్యక్షుడు. ప్రశ్నలు అడుగుతారు, పాయింట్లు వేస్తారు, చివర్లో విజేతను ప్రకటిస్తారు. ఆ గెలుపుతో ఎవరికీ ఏమీ రాదు. ‘క్యూఐ’లోనైతే పాయింట్లు ఏ లెక్కన వేస్తారో ఇంట్లో కూర్చున్నవారికి అంతుపట్టదు. అందరి నోటికీ ముందుగా వచ్చే తప్పు జవాబు చెప్పారంటే సైరన్ మోగుతుంది, స్కోరు సున్నా కిందికి జారిపోతుంది.

నా ఉద్దేశంలో ఆకర్షణ అంతా అక్కడే ఉంది. కోటి రూపాయల కోసం కూర్చున్న మనిషి ప్రతి మాటా తూచి మాట్లాడతాడు. హాస్య నటుడు అలన్ డేవిస్‌కు ఆ భయం లేదు. 2003లో ‘క్యూఐ’ మొదలైనప్పటి నుంచీ ఆయన ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. ఉచ్చు కనిపిస్తున్నా ధైర్యంగా అందులో కాలు పెడతాడు. ఆ తప్పు జవాబు పట్టుకుని మిగతావాళ్లు మాటను ఎక్కడెక్కడికో తీసుకుపోతారు. సరైన జవాబు వినడం కంటే ఆ ప్రయాణం చూడటమే నాకు ఇష్టం. మీరు ఏమంటారు?

ప్రశ్నార్థకం:
నాకు క్విజ్ అంటే ప్రాణం. అందుకే ఈ కార్యక్రమాలు నాకు రుచించవు. ప్రశ్న అడిగాక జవాబు మీద గౌరవం ఉండాలి. పైగా అక్కడికక్కడే పుట్టినట్టు కనిపించే మాటల్లో ఎంత భాగం ముందే రాసిపెట్టుకున్నదో మనకు తెలియదు. ఎడిటింగ్‌లో ఎంత తీసేశారో అసలే తెలియదు. అరగంటలో అంత నవ్వు ఎవరికీ సహజంగా రాదు.

లీడ్స్_లావణ్య:
ప్రశ్నార్థకం గారూ, ఎడిటింగ్ సంగతి నిజమే. ఇలాంటి ఒక కార్యక్రమం రికార్డింగుకు వెళ్లి చూశాను కాబట్టి చెబుతున్నాను. బీబీసీ కార్యక్రమాల రికార్డింగులకు టికెట్లు ఉచితం. సీట్ల కంటే ఎక్కువ టికెట్లే ఇస్తారు కాబట్టి ముందుగా వెళ్లి వరుసలో నిలబడాలి. అరగంట ప్రసారమయ్యే దానికి మేము రెండు గంటలకు పైగా కూర్చున్నాం. ముందుగా ఒక కమెడియన్ వచ్చి ప్రేక్షకులను హుషారు చేస్తాడు. తరువాత అసలు ఆట. అంతా అయ్యాక అధ్యక్షుడు ఒక్కడే కుర్చీలో ఉండి, తడబడిన వాక్యాలను మళ్లీ చదువుతాడు. మేము ఆ వాక్యాలకు మళ్లీ నవ్వాలి.

కానీ నాకు బాగా గుర్తున్నది వేరే. ఒక ప్రశ్న మీద మాట ఇరవై నిమిషాల దాకా సాగింది. ఒకరు ఏదో చిన్న పొరపాటు మాట అన్నారు, పక్కవాళ్లు దాన్ని పట్టుకున్నారు, అది తిరిగి తిరిగి అవతలి జట్టు దగ్గరికి వెళ్లింది. రాసిపెట్టుకున్న జోకులు ఎవరివో వింటుంటే తెలిసిపోతుంది. అవి నున్నగా ఉంటాయి, వాటి తరువాత ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తుంది. ఎదుటివాళ్ల మాట మీద నిలబడి అన్న మాటకు అలాంటి విరామం ఉండదు. ప్రసారంలో ఆ ఇరవై నిమిషాలు మూడు నిమిషాలయ్యాయి. ఆ మూడూ మాత్రం అక్కడ నా కళ్లముందు పుట్టినవే.

పాతరేడియో:
టీవీని కాసేపు పక్కన పెట్టండి. వీటన్నిటికీ వేళ్లు రేడియోలో ఉన్నాయి. ‘జస్ట్ ఎ మినిట్’ 1967 డిసెంబరులో బీబీసీ రేడియో 4లో మొదలైంది. నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఇచ్చిన విషయం మీద తడబడకుండా, ఏ మాటా రెండోసారి అనకుండా, విషయం దాటిపోకుండా అరవై సెకన్లు మాట్లాడాలి. మిగతా ముగ్గురూ బజర్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంటారు. తప్పు పట్టినవారి వాదన సరైనదైతే ఒక పాయింటుతో పాటు మిగిలిన సెకన్లు కూడా వారివే. వాదన నిలవకపోతే పాయింటు మాట్లాడుతున్నవారిదే. ఈల మోగే క్షణానికి ఎవరు మాట్లాడుతుంటే వారికి ఇంకో పాయింటు.

దీన్ని కనిపెట్టినవాడు ఇయాన్ మెసిటర్. బడిలో పరధ్యానంగా ఉన్నందుకు మాస్టారు వేసిన శిక్ష నుంచి ఈ ఆట పుట్టింది. అంతకు ముందు నిమిషంలో తాను చెప్పినదంతా తడబాటు లేకుండా, చెప్పిన మాట మళ్లీ రాకుండా అప్పజెప్పమన్నారట. నికోలస్ పార్సన్స్ మొదటి ఎపిసోడ్ నుంచి 2019 దాకా అధ్యక్షుడిగా ఉన్నారు. 2020 జనవరిలో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇప్పుడు ఆ కుర్చీలో స్యూ పెర్కిన్స్ ఉన్నారు.

కృష్ణాతీరం గారు బహుమతి లేకపోవడమే మూలమన్నారు. నా దృష్టిలో అసలు మూలం అధ్యక్షుడు. పాయింట్లకు విలువ లేదు సరే, నియమానికి మాత్రం ప్రాణం ఉంది. ఆ ఆటలో పాల్గొన్న నటుడు కెనెత్ విలియమ్స్, పార్సన్స్ తీర్పు మీద ముక్కు పుటాలు ఎగరేసి, గొంతు చించుకుని పోట్లాడిన పాత ఎపిసోడ్లు వినండి. ఆ మనిషికి కావలసింది పాయింటు కాదని అందరికీ తెలుసు, అయినా వాదన ఉన్నత న్యాయస్థానంలో జరిగినంత పట్టుదలగా సాగుతుంది. పార్సన్స్ మర్యాదగా, విసుగు లేకుండా, అచ్చం న్యాయమూర్తిలా తీర్పు చెబుతారు. ఆ గంభీరత లేకపోతే అక్కడ హాస్యమే లేదు. నలుగురు స్నేహితులు గదిలో కూర్చుని నవ్వుకోవడానికీ దీనికీ ఉన్న తేడా అదే.

ప్రశ్నార్థకం:
ఇది వింటే ఆసక్తిగానే ఉంది. అరవై సెకన్ల మాట రాసిపెట్టుకోవడం కష్టం, ఒప్పుకుంటాను. మిగతా వాటి మీద నా మాట మారదు.

అవధానప్రియ:
పాతరేడియో గారి వర్ణన చదువుతుంటే నాకు అష్టావధానమే కళ్లముందు నిలిచింది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్నీ నిషేధిస్తూ పోతాడు, అవధాని ఆ సందుల్లోంచే పద్యం నడిపిస్తాడు. ‘జస్ట్ ఎ మినిట్’లో ఒకసారి వాడిన మాటకు మళ్లీ ప్రవేశం లేదు. రెండుచోట్లా చూసేవారి ఆనందం ఒకటే: దారి మూసుకుపోతున్నకొద్దీ మనిషి ఎటునుంచి బయటపడతాడా అని ఎదురుచూడటం. ఇక అప్రస్తుత ప్రసంగి ఉండనే ఉన్నాడు. సమస్యాపూరణం మధ్యలో అవధానిని ‘మీ ఊళ్లో వానలు పడ్డాయా?’ అని పలకరించి ఏకాగ్రత చెడగొట్టడం అతని పని. అవధాని చమత్కారంగా జవాబు చెప్పి, ఆగిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు. అలన్ డేవిస్ చేసేది ఆ ప్రసంగి పనే కదా!

పాతరేడియో:
పోలిక బాగుంది, ఒక్క తేడా మాత్రం గమనించండి. అవధానంలో భారమంతా ఒక్కరి ధారణ మీద ఉంటుంది. చివరికి సభ లేచి నిలబడి ఆ ఒక్కరికీ నమస్కరిస్తుంది. ప్యానెల్ షోలో ఎవరూ అంత ఎత్తుకు వెళ్లకూడదు. ఒకరే వరుసగా మెరుస్తుంటే ఆట చచ్చిపోతుంది. ‘జస్ట్ ఎ మినిట్’లో తరచూ ఆడే పాల్ మెర్టన్‌ను నేను అంతగా ఇష్టపడేది అందుకే. పక్కన కొత్తవాళ్లు తడబడుతుంటే బజర్ నొక్కకుండా ఊరుకుంటాడు, వాళ్లకు ఒక చిన్న దారి తెరుస్తాడు.

ఇంకో మాట. ఈ ఆట మన దేశానికి అసలు రాలేదని అనుకోకండి. 2012లో ‘జస్ట్ ఎ మినిట్’ ఎపిసోడ్లను ముంబయిలో రికార్డు చేశారు. మెర్టన్‌తో పాటు మన కమెడియన్లు సైరస్ బ్రోచా, అనువబ్ పాల్ ఆడారు.

కృష్ణాతీరం:
అధ్యక్షుడి విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే నియమమే లేని ఆట సంగతి ఏమంటారు? ‘ఐ యామ్ సారీ ఐ హావెంట్ ఎ క్లూ’లో మోర్నింగ్టన్ క్రెసెంట్ ఆట విన్నారు కదా.

పాతరేడియో:
ఆ పేరు ఎత్తితే నేను ఆగలేను. తెలియనివారి కోసం చెబుతాను. 1972లో మొదలైన ఈ రేడియో కార్యక్రమం తనను తాను ప్యానెల్ ఆటలకు విరుగుడు అని పరిచయం చేసుకుంటుంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు హంఫ్రీ లిటిల్టన్ 2008లో చనిపోయేదాకా అధ్యక్షుడు, తరువాత జాక్ డీ. మోర్నింగ్టన్ క్రెసెంట్ ఆటలో ఒక్కొక్కరూ వంతులవారీగా లండన్‌లోని ఒక వీధి పేరో రైలు స్టేషన్ పేరో చెబుతారు. మోర్నింగ్టన్ క్రెసెంట్ అనే స్టేషన్ పేరు ముందుగా చెప్పినవారు గెలిచినట్టు. మరి మొదటి వంతులోనే ఆ పేరు చెప్పేయవచ్చు కదా? చెప్పరు. ఎవరైనా ఒక వీధి పేరు చెప్పగానే మిగతావాళ్లు ‘ఆహా, ఎంత సాహసం!’ అన్నట్టు ఊపిరి బిగపడతారు. ఇంకొకరు ఏదో పాత నియమావళిని ఉటంకిస్తారు, మరొకరు ఆ నియమం వర్తించదని అడ్డుపడతారు. ఆ నియమాలు ఏవీ లేవు. అక్కడికక్కడే కల్పించినవి. దశాబ్దాలుగా ఎవరూ ఆ గుట్టు విప్పలేదు. నియమాలు పంపమని శ్రోతలు ఉత్తరాలు రాసేవారు.

కాబట్టి కృష్ణాతీరం గారూ, అక్కడ కూడా నియమం పట్ల గౌరవమే ఆటను నిలబెడుతోంది. నియమం లేకపోయినా దాని మీద గౌరవం పూర్తిగా ఉంది. ఆ స్టేషన్ లండన్ నార్తర్న్ లైనులో నిజంగానే ఉంది. 1992లో మూసేసి 1998లో మళ్లీ తెరిచినప్పుడు ఈ కార్యక్రమం బృందమే అక్కడికి వెళ్లింది. ఆ బృందంలో ఎంతోకాలం ఉన్న విల్లీ రష్టన్ స్మారక ఫలకం కూడా ఆ స్టేషన్‌లో ఉంది.

ప్రశ్నార్థకం:
నా అభ్యంతరం ప్రధానంగా ‘క్యూఐ’ గురించి. జనం నమ్మే తప్పులను సరిదిద్దుతామని చెప్పుకునే కార్యక్రమమే తప్పులు చెబితే ఎలా? మొదటి సిరీస్‌లో భూమికి ఎన్ని చంద్రులు అని అడిగారు. ఒకటి అన్నందుకు డేవిస్‌కు సైరన్ మోగింది. రెండు అని జవాబు చెప్పి, క్రూయిన్యా అనే గ్రహశకలాన్ని రెండో చంద్రుడిగా చూపించారు. అది తిరిగేది సూర్యుడి చుట్టూ. భూమి కక్ష్యతో లయ కలిసి ఉంటుంది, అంతే. ఖగోళశాస్త్రం తెలిసిన ఎవరూ దాన్ని చంద్రుడు అనరు. డేవిస్ చెప్పిందే సరైన జవాబు. బహుమతి ఉన్న క్విజ్‌లో ఇలాంటిది జరిగితే పెద్ద గొడవ అయ్యేది, సరిదిద్దేవారు. బహుమతి లేకపోవడం వల్ల మాటకు స్వేచ్ఛ వస్తుందంటున్నారు, బాధ్యత తగ్గుతుందని కూడా అనండి.

కృష్ణాతీరం:
ఆ ప్రశ్న ఉదాహరణ సరైనదే. కానీ వాళ్లు దాన్ని దాచిపెట్టలేదు. ‘క్యూఐ’లో ఒక్కో సిరీస్‌కు ఒక్కో అక్షరం. కె అక్షరానికి వచ్చేసరికి, జ్ఞానం అనే అంశం మీద ఎపిసోడ్ చేసి, తాము గతంలో సరైనవని చెప్పిన విషయాలు కాలంతో పాటు ఎలా మారిపోయాయో చర్చించి, డేవిస్‌కు అప్పట్లో అన్యాయంగా పోయిన పాయింట్లు తిరిగి ఇచ్చారు. తన పాత జవాబులను ఇలా ప్రేక్షకుల ముందు విప్పి చూపిన క్విజ్ ఇంకొకటి నాకు కనబడలేదు.

అయితే బాధ్యత గురించి మీరన్నది నేను తేలికగా తీసుకోను. 2010 డిసెంబరులో ఇదే కార్యక్రమంలో హిరోషిమా, నాగసాకి రెండు అణుబాంబులనూ తట్టుకుని బతికిన సుతోము యామగుచి గురించి హాస్యంగా మాట్లాడారు. ఆయన ఆ ఏడాది జనవరిలోనే చనిపోయారు. జపాన్‌లో ఆయన కుటుంబం బాధపడింది, బీబీసీ క్షమాపణ చెప్పింది. సరదా బల్ల దగ్గర ఏ విషయమైనా తేలికైపోతుంది. అది ఆ రూపంలోనే ఉన్న ప్రమాదం.

ఎర్రమట్టి:
ఆ ప్రమాదం రాజకీయాల్లో ఇంకా పెద్దది. బోరిస్ జాన్సన్ 1998లో మొదటిసారి, వారం వార్తల మీద నడిచే ‘హ్యావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ’కి అతిథిగా వచ్చాడు. తరువాత అదే కార్యక్రమానికి అతిథి వ్యాఖ్యాతగా కూడా కూర్చున్నాడు. చెదిరిన జుట్టు, తడబడే మాట, అందరూ నవ్వడం. 2008లో లండన్ మేయర్, 2019లో ప్రధాని. ఇంటింటికీ ఆయన్ను సరదా మనిషిగా పరిచయం చేసింది ఈ బల్లే. నాయకుడిని చూసి నవ్వడం మొదలుపెడితే అతన్ని నిలదీయడం మానేస్తాం. ఆకర్షణ గురించి మాట్లాడుకునేటప్పుడు దీన్ని వదిలేయకూడదు.

లీడ్స్_లావణ్య:
ఎర్రమట్టి గారూ, ఇక్కడ చాలామంది అదే అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. మొదటిసారి వచ్చినప్పుడే జట్టు కెప్టెన్ ఇయాన్ హిస్లాప్ ఆయన్ను, ఓ విలేకరిని కొట్టించాలనుకున్న స్నేహితుడితో జరిపిన పాత టెలిఫోన్ సంభాషణ గురించి గట్టిగా నిలదీశాడు. హిస్లాప్ ‘ప్రైవేట్ ఐ’ అనే వ్యంగ్య పత్రిక సంపాదకుడు, పరువునష్టం కేసులకు భయపడే మనిషి కాదు. ఆ కార్యక్రమం ఎవరినీ వదల్లేదు, తన సొంత మనుషులను కూడా. 1993లో రాయ్ హాటర్స్లీ అనే లేబర్ నాయకుడు మూడోసారి కూడా చివరి క్షణంలో రాకపోతే, ఆయన కుర్చీలో ఒక డబ్బా పందికొవ్వు పెట్టి కార్యక్రమం నడిపించారు. 2002లో వ్యాఖ్యాత ఆంగస్ డేటన్ వ్యక్తిగత జీవితం పత్రికలకు ఎక్కినప్పుడు, ఆయన పక్కన కూర్చున్న కెప్టెన్లు హిస్లాప్, మెర్టన్‌లే ప్రసారంలో ఆయన్ను వార్తగా చేశారు. ఆ వార్త వేసిన పత్రిక మొదటి పేజీ అచ్చువేసిన టీషర్టుతో మెర్టన్ వచ్చాడు. ఆ ఏడాది అక్టోబరులో డేటన్‌ను తొలగించారు. అప్పటి నుంచి వారానికో అతిథి వ్యాఖ్యాత.

నా మటుకు నాకు ఈ దేశ రాజకీయం తెలిసింది ఈ కార్యక్రమం వల్లే. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో పార్లమెంటు వార్తలు చదివితే పేర్లు తప్ప ఏమీ అర్థమయ్యేవి కావు. గురువారం రికార్డు చేసి శుక్రవారం రాత్రి వేసే ఈ అరగంట చూశాక, ఎవరు ఎవరిని ఎందుకు వెక్కిరిస్తున్నారో వెతుక్కుంటూ వెళ్లేదాన్ని. జోకు అర్థం కావాలంటే వార్త తెలియాలి. మా ఇంట్లో ఉన్న తెలుగు అమ్మాయిలం నలుగురం అలాగే నేర్చుకున్నాం.

చిత్రలేఖ:
ఇంతసేపు మాట్లాడుకున్న పేర్లు ఒకసారి చూడండి. స్యూ పెర్కిన్స్ తప్ప అందరూ మగవాళ్లే. ఇది యాదృచ్ఛికం కాదు. చాలా ఏళ్లు ఈ బల్లల దగ్గర ఒక్క మహిళ కూడా లేకుండానే ఎపిసోడ్లు వచ్చాయి. 2014లో బీబీసీ టెలివిజన్ అధిపతి డానీ కోహెన్ ఇకపై అందరూ పురుషులే ఉండే ప్యానెల్ షోలు ఉండవని ప్రకటించారు. ‘మాక్ ద వీక్’ వ్యాఖ్యాత డారా ఓ బ్రీన్ దానికి అభ్యంతరం చెప్పారు. అలా బహిరంగంగా ప్రకటిస్తే, వచ్చిన మహిళను లెక్క సరిపెట్టడానికే పిలిచారని జనం అనుకుంటారన్నది ఆయన వాదన. ఆయన మాటలో నిజం ఉంది. ప్రకటన లేకుండా మార్పు వచ్చేదా అంటే, అన్నేళ్లూ రాలేదన్నదే జవాబు.

ఎందుకు ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2017 నవంబరులో ‘హ్యావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ’ వ్యాఖ్యాత కుర్చీలో హాస్య కళాకారిణి జో బ్రాండ్ ఉన్నారు. ప్యానెల్‌లో నలుగురూ పురుషులే. పార్లమెంటులో వేధింపుల ఆరోపణల మీద మాట నడుస్తోంది. వాటిలో కొన్ని అంత పెద్ద నేరాలు కావన్నట్టు హిస్లాప్ అన్నాడు. బ్రాండ్ గొంతు పెంచలేదు. చిన్న విషయాలైనా రోజూ ఎదురవుతుంటే మనిషిని అరగదీస్తాయని నింపాదిగా చెప్పారు. నలుగురూ నోరు మూసుకున్నారు, ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ఆ కుర్చీలో ఆమె లేకపోతే ఆ మాట అక్కడ అనేవారే లేరు. 2016లో స్టీఫెన్ ఫ్రై తరువాత ‘క్యూఐ’ కుర్చీ శాండీ టాక్స్‌విగ్‌కు వచ్చింది. నాకు ఆ కార్యక్రమం అప్పటి నుంచే ఎక్కువ నచ్చుతోంది. ఆమె అతిథుల మాట చివరిదాకా వింటారు.

ఎర్రమట్టి:
చిత్రలేఖ గారు చెప్పిన ఘట్టం వీడియో ఇప్పుడే చూశాను. అలాంటి క్షణం వచ్చినప్పుడు ఈ రూపానికి బలం ఉందని నమ్ముతాను. జాన్సన్ విషయంలో అలాంటి క్షణాలు చాలలేదన్నదే నా వాదన.

అవధానప్రియ:
ఒక సందేహం. మా నాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయులు. ఇంగ్లిష్ బాగా వచ్చు, బ్రిటన్ రాజకీయం తెలియదు. ఈ చర్చ చదివి వినిపిస్తే చూస్తానన్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

లీడ్స్_లావణ్య:
‘వుడ్ ఐ లై టు యూ?’ దగ్గర. 2007లో మొదలైంది, 2009 నుంచి రాబ్ బ్రైడన్ అధ్యక్షుడు. రాజకీయం ఏమీ తెలియనక్కర్లేదు. ఒకరు ఒక కార్డు తీసి తన గురించిన ఒక వాక్యం చదువుతారు. కార్డులో ఏముందో చదివే క్షణం దాకా వారికీ తెలియదు. అది అబద్ధమైతే అక్కడికక్కడే కథ అల్లాలి. అవతలి జట్టు ప్రశ్నలతో ఉతికి ఆరేసి, నిజమో అబద్ధమో తేల్చాలి. ఒక జట్టుకు డేవిడ్ మిచెల్ కెప్టెన్. కేంబ్రిడ్జిలో చదివిన మనిషి, ప్రతిదాన్నీ తర్కంతో నిలదీస్తాడు. రెండో జట్టుకు లీ మాక్. గుర్రాలశాలలో పనిచేసి వచ్చినవాడు, మిచెల్ వాక్యం పూర్తయ్యేలోపు మాట విసురుతాడు. వాళ్లిద్దరి మధ్య మాటల వేగమే సగం కార్యక్రమం.

బాబ్ మోర్టిమర్ వచ్చిన ఎపిసోడ్లు ముందు చూపించండి. ఆయన ఒకప్పుడు న్యాయవాది. ఒకసారి, ఆపిల్ పండును ఉత్త చేతులతో రెండుగా విరచగలనని చదివాడు. ఎలా పట్టుకుంటారు, ఎక్కడ నేర్చుకున్నారు అని అందరూ అడ్డంగా ప్రశ్నించారు. ఆయన చెప్పిన ప్రతి వివరమూ నమ్మశక్యం కాకుండా ఉంది. నిజమని తేలింది, పండు తెప్పించి అక్కడే విరిచి చూపించాడు. ఆ కార్యక్రమం అధికారిక ఛానల్ యూట్యూబులో ఉంది, ఈ క్లిప్పులు అక్కడ దొరుకుతాయి. ఫలితం చెప్పేముందు వీడియో ఆపి, నిజమా అబద్ధమా అని నాన్నగారిని అడగండి.

ప్రశ్నార్థకం:
ఆ పద్ధతి నాకు నచ్చింది. ఆదివారం మా ఇంట్లో పిల్లలతో నేనూ చూస్తాను. పాయింట్లు మాత్రం రాసుకుంటాం.